పంచదార గోదాములను పక్షానికోసారి తగలబెట్టిన వైనం

డర్బన్‌లో ఒక పంచదార కంపెనీ గోదాములను నేను పదిహేను రోజులకోసారి తగలబెట్టాను. కంగారుపడకండి, అగ్గిపుల్ల ముట్టుకోలేదు. ఆ మంటలన్నీ కంప్యూటర్లోనే. వాటిలో నిజంగా బూడిదైంది ఒక్కటే, నా సెలవు చీటీ. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు అయిపోయి, కొత్త జెండా ఇంకా రంగు మాయని రోజులవి. పెళ్ళయిన కొత్తలోనే గుంటూరు వదిలి ఈ కంపెనీలో లెక్కలు కట్టే ఉద్యోగానికి వచ్చిపడ్డాను. మా ఆవిడ వసుంధర అక్కడ కాలేజీలో లెక్కలు చెప్పేది. ఆమె వీసా కోసం ఎదురుచూడటమే నా అసలు ఉద్యోగం. జీతం మాత్రం కంపెనీ ఇచ్చేది.

రిజర్వాయర్ హిల్స్ అనే పేటలో లచ్చమ్మవ్వ ఇంటి వెనకగదిలో అద్దెకుండేవాణ్ణి. అవ్వ తాతలు ఎప్పుడో చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆవిడ మాటల్లో సగం ఇంగ్లీషు, పావు అక్కడి జులూ భాష. మిగిలిన పావు తెలుగు కోసం నేను చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి.

"నీ పెండ్లాం ఎప్పుడొత్తాది, అబ్బాయ్?"

"వీసా రావాలవ్వా."

"షేమ్!" అనేది. ఇక్కడ ఆ మాటకు అయ్యో పాపం అని అర్థం. రోజూ అదే ప్రశ్న, అదే షేమ్. కొన్నాళ్ళకు ప్రశ్న దండగనుకుందో ఏమో, నేను గేటు తియ్యగానే నేరుగా షేమ్ అనడం మొదలుపెట్టింది.

నేను మాత్రం ఆశ చావక రెండు స్టీలు గ్లాసులు కొన్నాను. సాయంత్రం రెంటిలోనూ కాఫీ పోసేవాణ్ణి. ఒకటి తాగి, రెండోదాని మీద ఆవిరి పోయేదాకా చూస్తూ కూర్చుని, అదీ నేనే తాగేవాణ్ణి. ఇద్దరి కాఫీ తాగినవాడికి ఒక్కడి నిద్రయినా ఎలా పడుతుంది చెప్పండి?

చివరికి వీసా వచ్చింది. వెంటనే మా మామగారు అడ్డుపడ్డారు. "పిల్లను ఒంటరిగా అంతదూరం పంపను. అల్లుడుగారే వచ్చి తీసుకెళ్ళాలి" అన్నారు. సరేనని మా మేనేజరు గోవెందర్‌గారికి సెలవు చీటీ ఇచ్చాను.

"ఆ నష్టాల రిపోర్టు ఇచ్చెయ్యి. మర్నాడే విమానమెక్కు" అన్నాడాయన.

ప్రమాదాల వల్ల కంపెనీకి ఏడాదిలో ఎంత నష్టం రావచ్చో తేల్చే రిపోర్టది. చిన్న దొంగతనాలు, యంత్రాలు మొరాయించడం లాంటివి తరచూ జరిగేవే, లెక్క సులువు. గోదాములు మొత్తం తగలబడటం మాత్రం తరానికి ఒకసారి జరిగితే జరుగుతుంది. కంప్యూటర్ చేత ఎన్ని ఉత్తుత్తి సంవత్సరాలు నడిపించినా ఆ మంట కంటపడదు. దానికో కిటుకుంది. మంట పుట్టే అవకాశాన్ని కావాలనే వెయ్యిరెట్లు పెంచాలి. అప్పుడు కావలసినన్ని మంటలు కనిపిస్తాయి. నష్టం ఎంతో చూసుకుని, చివర్లో ఆ వెయ్యితో భాగించాలి.

మీరు ఊహించింది నిజమే. పెంచడం శ్రద్ధగా పెంచాను. భాగించాల్సిన వేళకు నా మనసు గుంటూరులో సూట్‌కేసు సర్దుతోంది.

రిపోర్టు చదివిన గోవెందర్‌గారి మొహం పిండిలా పాలిపోయింది.

"పదిహేను రోజులకోసారి గోదాములు తగలబడతాయా?"

"లెక్క అలా చెబుతోందండీ" అన్నాను గర్వంగా. పైగా, "లెక్కకు మొహమాటం ఉండదు" అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"కిందటి పక్షం తగలబడలేదే?"

"అదృష్టమండీ."

అసలే కొత్త ప్రభుత్వంలో ఏం ముంచుకొస్తుందోనని డైరెక్టర్లు హడలిపోతున్నారు. మేమనుకున్నదే జరగబోతోందని ఒకరినొకరు అభినందించుకున్నారు. ఊరి బయట డార్నల్ వైపు ఉన్న మా గోదాములకు నీళ్ళ పంపులు వెళ్ళాయి. గుమాస్తాలు ఇనుప టోపీలు పెట్టుకుని టైపు కొట్టారు. అందరి సెలవులూ రద్దు.

"నాది కూడానా?" అన్నాను.

"ఇంత ఘోరాన్ని కనిపెట్టినవాడివి, నిన్నెలా వదులుతాను?" అంటూ ఆయన నా చీటీని నాలుగు ముక్కలు చేశాడు.

ఆ ఆదివారం మామగారింటికి ఫోన్ చేసి విషయం చెప్పాను. వసుంధర, "నిన్ననే గోంగూర పచ్చడి సీసాకెత్తాను. మీకని" అంది. ఆ గొంతు వింటే నిజంగానే ఏదో ఒకటి తగలబెట్టాలనిపించింది.

"అది సరే, తరానికోసారి అయ్యేది పక్షానికోసారి ఎందుకవుతుందండీ?" అంది ముక్కు చీదుకుంటూ. కిటుకు వివరించాను.

"వెయ్యిరెట్లు పెంచారు. బాగుంది. మళ్ళీ భాగించారా?"

నేను రిసీవర్‌ను బల్లకేసి రెండుసార్లు తట్టాను.

"ఏమండీ?"

"లైన్ సరిగ్గా లేదు" అన్నాను.

"లైన్ బ్రహ్మాండంగా ఉంది. పదిహేను రోజులు వెయ్యిసార్లంటే నలభై ఏళ్ళు పైమాటే. మా ఇంటర్ పిల్లలు ఇలా చేస్తే బెంచీ ఎక్కిస్తాను!" అని నవ్వింది. ఏడుపు గొంతులోంచి వచ్చిన ఆ నవ్వు వినడానికి ఇంకో వంద తప్పులైనా చేయొచ్చనుకున్నాను.

మర్నాడు ఉద్యోగం పోయినట్టేనని నిశ్చయించుకుని గోవెందర్‌గారికి అంతా చెప్పాను. ఆయన తన ఇనుప టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"తప్పు నువ్వే పట్టుకున్నావా?"

"లేదండీ. మా ఆవిడ. గుంటూరు నుంచి, ఫోన్లో."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కొత్త సెలవు చీటీ తనే రాసి నా ముందుకు తోశాడు.

"ఇవాళే బయల్దేరు. ఆ అమ్మాయి ఈ దేశంలో అడుగుపెట్టేదాకా నువ్వు కంప్యూటర్ ముట్టుకోవడానికి వీల్లేదు."

వసుంధర చెయ్యి పట్టుకుని విమానం దిగిన నాడే భీకరంగా ఒట్టేసుకున్నాను: నా బొందిలో ప్రాణముండగా, శ్రీమతి సరిచూసి సంతకం చెయ్యనిదే, ఏ ఉపద్రవాన్నీ ఈ భూమ్మీద జరగనివ్వను.