ఉప్పు పొట్లాల ఎన్నిక

నిన్న పొద్దున గీదంలో మా వీధికి ఎన్నికల ఆటో వచ్చి, హిందీలో ఒకసారి, హల్బీలో ఒకసారి అభ్యర్థి గొప్పలన్నీ మైకులో ఊదరగొట్టి, పోతూ పోతూ గుమ్మంలో ఒక కరపత్రం పడేసి పోయింది. మా కోడలు అందులో కొత్తిమీర చుట్టబోతుంటే నేను గబుక్కున లాక్కున్నాను. ఏమైందత్తయ్యా అని ఆ పిల్ల బిత్తరపోయింది. దక్షిణాన దోర్నపాల్ దారిలో కాపురాలు చేసిన నా ఈడువాళ్లకైతే, ఓట్ల కాగితంలో సరుకు చుట్టబోతే నేనెందుకు లాక్కుంటానో విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా పుట్టింటివాళ్లది దోర్నపాల్‌లో రోడ్డు మీది కిరాణా దుకాణం. ఇక్కడి సంస్థానం దేశంలో విలీనమైన తర్వాత మా తాత భద్రాచలం వైపు నుంచి ఎడ్లబండి మీద ఉప్పు బస్తాలు తెచ్చి సంతలో అమ్మి, తిరుగు బండిలో ఇప్పపువ్వు, చింతపండు వేసుకుపోతూ, చివరికి ఆ పోవడమేదో మానేసి అక్కడే స్థిరపడ్డాడట. అప్పటినుంచీ మా ఇంటికి అన్నం పెట్టింది ఉప్పే. అడవి ఊళ్ల ఆడవాళ్లు సంతకు రాగానే ముందు మా అరుగు మీద గంప దించుకుని, అడ్డాకులో కట్టిన ఉప్పు తీసుకుని, ఆ తర్వాతే మిగతా బేరాలకు లేచేవాళ్లు.

వాళ్లలో ఒకామె మా వదినకు ప్రాణం. వదిన తర్లగూడ నుంచి కొత్త కోడలుగా వచ్చి, అక్కడి దోర్లీ భాష ఒక్క ముక్క రాక బెదిరిపోతున్న రోజుల్లో, అరుగు మీద కూర్చుని నవ్వుతూ ఆ మాటలన్నీ నేర్పింది ఆమే. వదిన ఆమెను చెల్లె అనేది, మా ఇంటిల్లిపాదికీ ఆమె చెల్లె అయిపోయింది. భర్త పోయి పుట్టింటికి చేరి దుకాణంలో కూర్చునే నాకు, వాళ్లిద్దరి ముచ్చట్లు వినడమే ఆ రోజుల్లో సంత దినపు సంబరం.

ఊరు నగర్ పంచాయతీ అయ్యాక ఒకసారి అధ్యక్ష పదవి ఆడవాళ్లకు వచ్చింది. నామినేషన్ వేసింది వదినే అయినా, ఇస్త్రీ బట్టల్లో పెళ్లికొడుకులా తిరిగింది మాత్రం మా అన్నయ్య. వదిన కోరిక చాలా చిన్నది. సంతకొచ్చే ఆడవాళ్లు ఎండలో మాడకుండా ఒక రేకుల షెడ్డు, తాగడానికి కుళాయి, చాటుకు వెళ్లడానికి ఒక గది ఉండాలి, ఇంతే. గుర్తు కూడా కుళాయే వచ్చిందని ఎంత మురిసిపోయిందో!

ఓట్ల జోలికి ఎవరూ పోవద్దని లోపలివాళ్లు, అంటే అడవిలో తుపాకీ పట్టినవాళ్లను మేం అలాగే అనేవాళ్లం, ఊరూరా చెప్పారని అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. చెట్లకు ఎర్ర అక్షరాల కాగితాలు వేలాడాయి. పొద్దుగుంకక ముందే బస్సులు ఆగిపోయేవి, కుక్క అరిచినా ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అయినా రోడ్డు మీద ఉన్న మాకు ఠాణా అండ ఉంది. లోపలి ఊళ్లకు ఏ అండా లేదన్న సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

అన్నయ్య జగదల్పూర్‌లో కరపత్రాలు బస్తాలకొద్దీ కొట్టించుకొచ్చాడు. ఆ వారం సంతకు అడ్డాకులు తెచ్చే ముసలమ్మ రాలేదు. దాంతో ఆయన, ఉప్పు ఈ కాగితాల్లోనే కట్టేద్దాం, ప్రచారానికి ప్రచారం అన్నాడు. దుకాణదారుల బుర్ర మరి, ఇంటిల్లిపాదీ భలే భలే అన్నాం. చెల్లె మాత్రం ఉప్పును కొంగులో పోసుకుని కాగితం అరుగు మీద పెట్టేసి, "కాగిదం నాకెందుకక్కా, ఆకైతే సాలు" అంది. వదిన గలగలా నవ్వి, "నా బొమ్మ ఉందే పిచ్చిదానా, ఇంటికి తీస్కపో" అంటూ దాన్ని మడిచి స్వయంగా ఆమె రొంటిన దోపింది.

తరువాతి సంతకు తలుపు తీసేసరికి అరుగు మీద మేం అమ్మిన ఉప్పు పొట్లాలే తిరిగొచ్చి వరసగా ఉన్నాయి. వదిన ముఖం ఉన్న కాగితాలవి, ముడి విప్పనైనా విప్పలేదు. ఆడవాళ్లు గంపలతో మా దుకాణం ముందునుంచే పోతున్నారు, ఒక్కరూ తలెత్తడం లేదు. పొట్లాలన్నీ ఉప్పుతోనే ఉన్నాయి గాని, వదిన చెల్లె రొంటిన దోపిన ఉత్త కాగితం మాత్రం వాటిలో లేదు. మధ్యాహ్నం పొగాకు కొనడానికి వచ్చిన ఒకామె, ముఖం అటు తిప్పుకునే చెప్పింది. చెల్లె ఇంట్లో ఆ కాగితం దొరికిందట. లోపలివాళ్లు ఆమె మొగుణ్ణి తీసుకుపోయారట. "అడిగి పంపిస్తమన్నరు" అని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది.

వదిన ఆ క్షణమే పోటీ మానుకుంటానని పరుగెత్తింది, కాని ఉపసంహరణ గడువు దాటిపోయిందన్నారు. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి, నాకు ఓటెయ్యొద్దమ్మా అని చేతులు పట్టుకుని బతిమాలింది. ఎంత అణకువో చూడండి అని ఊరంతా మెచ్చుకుని ఆమెనే గెలిపించింది! అన్నయ్య బాజాలు పెట్టించాడు, వదిన మెడలో దండ పడింది.

వానలు మొదలయ్యాక చెల్లె నగర్ పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, నిష్టూరమాడలేదు, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. వాళ్లలో మనిషి పోతే ఊరి దారిలో అతని పేర రాయి పాతుతారు. పాతకపోతే ఆ జీవుడు పెద్దల్లో కలవడు, బతికున్నవాడికి పాతితే చావును పిలిచినట్టే. "పెద్ద కుర్సీల ఉన్నవు గదక్కా. ఉన్నడా, పోయిండా? రాయి పాతాల్నా వద్దా, నువ్వే చెప్పు" అంది. వదిన ఠాణాలో అడిగింది, అధికారులను అడిగింది, అందరిదీ ఒకటే జవాబు, ఆ ఊరు మీ హద్దులోది కాదని. చెల్లె మళ్లీ రాలేదు. వదిన షెడ్డు వేయించింది, కుళాయి పెట్టించింది. అడవి ఆడవాళ్లు ఆ దరిదాపులకు రాకుండా అవతల ఎండలోనే గంపలు దించుకున్నారు.

ఇప్పుడు రోజులు మారాయి. రోడ్లు వెడల్పయ్యాయి, లోపలి ఊళ్లలోనూ మైకులు మోగుతున్నాయంటున్నారు, గోడ గోడకూ అభ్యర్థుల ముఖాలే, వాటిని చూసి ఎవరూ ఉలిక్కిపడటం లేదట. సంతోషమే, కాదనను, ఈ నిబ్బరం అప్పుడే ఉంటే ఎంత బాగుండేదో. వదిన పోయేదాకా ఆ వైపు నుంచి ఎవరొచ్చినా, చెల్లె వాళ్ల ఊరి దారిలో కొత్త రాయి ఏమైనా కనిపించిందా అని అడిగేది. ఎవరూ సరిగా చెప్పలేదు. ఇప్పుడు ఆ ఊరికి బస్సు పోతోందట, ఎక్కి వెళ్లి నా కళ్లతోనే చూసి రావచ్చు. నేనింతవరకు ఎక్కలేదు.