సున్నా నుంచి గీసిన గ్రాఫు

వల్లూరు సోలార్ పార్కులో నేను ఆఫీసు పనికి చేరేటప్పటికే మా పిన్నమ్మ అక్కడ ప్యానెళ్లు తుడిచే కూలీల్లో ఉండేది. అంతకుముందు ఆ భూములన్నీ శెనక్కాయల చేలు.

ఒకరోజు ఇంజనీరు పిలిచినాడు. మా పక్కూరు హొసకోట మనిషే. "తుడిచిన వరసలకీ తుడవని వరసలకీ కరెంటులో ఎంత తేడా ఉండాదో గ్రాఫు గీసి సోమవారం ఇయ్యమ్మా. మన సాఫ్ట్‌వేర్ లైసెన్సు అయిపోయింది. ఉచితంగా దొరికేది ఏదన్నా నేర్చుకో."

బీఎస్సీలో నేను గ్రాఫులన్నీ కాగితం మీదే గీసినాను. మౌస్‌తో నొక్కి గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుంటే, ఆఫీసు పాత కంప్యూటర్లో తెరుచుకోనే లేదు. ఇంక గ్నూప్లాట్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ మిగిలింది. దాంట్లో బటన్లు లేవు, అన్నీ టైపు చేయాల్సిందే. ఒక్క కామా తప్పినా ఎర్రర్. పని పోతుందేమోనని మళ్లీ మొదటినుంచి టైపు చేసేదాన్ని.

మూడో రోజుకు గ్రాఫు వచ్చింది. తుడిచిన వరసల గీత పైన, తుడవనిది బాగా కింద. ఫోన్లో చూపిస్తే పిన్నమ్మ మురిసిపోయింది.

తర్వాత ఎడమపక్క అంకెలు చూసినాను. సాఫ్ట్‌వేర్ తనంతట తానే సున్నాను వదిలేసి పెద్ద అంకె నుంచి మొదలుపెట్టింది, అందుకే కొంచెం తేడా కూడా అంత పెద్దగా కనపడింది. సున్నా నుంచి గీయమని టైపు చేసినాను. రెండు గీతలూ దాదాపు కలిసిపోయినాయి.

ఇదిస్తే, తుడిచేవాళ్లు దేనికని కూలీలను తీసేస్తారేమో. మొదటిదే ఇస్తే, ఎవరన్నా కనిపెడితే?

పిన్నమ్మకు చెప్పినాను. "అంటే మేం తుడిచినా ఒకటే, తుడవకున్నా ఒకటేనా?" అనింది.

"కాదు పిన్నమ్మా. తేడా ఉండాది. కొంచెమే."

"ఆ కొంచెమన్నా వాళ్లకు కనపడేట్టు చెయ్యి."

రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద వేసి, ఏది ఎక్కడ మొదలైందో కింద రాసి ఇచ్చినాను. ఇంజనీరు సున్నా నుంచి గీసినదాని మీద వేలు పెట్టినాడు.

"రెండోది ఎందుకు?"

"ఏదో ఒక్కటే చూస్తే మోసపోతారు సార్" అన్నాను. ఆయన కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆఫీసు ఫోన్ మోగితే చాలు, కూలీలను తీసేసినారనే కబురేమో అనుకునేదాన్ని. చివరికి, తేడా కొంచెమే కదా, వానే కడుగుతుందని వానలు పడే నెలల్లో మాత్రం తుడవడం ఆపినారు. ఆ నెలల్లో పిన్నమ్మ అరసికెరెకు కలుపు తీయను కూలికి పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆమె ఎదురుపడితే, నీ గ్రాఫు వల్లే అని ఈసారి అంటుందేమోనని నాకు ఇప్పటికీ భయమే.