చెర్రీ ఫిరంగికి ఇనుప పట్టీలు

బేరమాడకుండా దేన్నైనా ఒప్పుకునే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దుకాణాల మధ్య పుట్టి పెరిగిన జబ్బు ఇది. డాక్టరు రెండు మాత్రలు రాస్తే "ఒకటి చాలదా సార్?" అని అడిగిన ఘనుణ్ణి. అలాంటి నాకు ఈ గల్ఫ్ ఊరు బర్కాలో దొరికిన స్నేహితుడు ఒక బల్గేరియా ముసలాయన.

బర్కాలో నేను నడిపేది చిన్న దుకాణం. బోర్డు మీద అర్బాబ్ పేరు, అంటే అరబ్బు యజమానిది; కౌంటరు వెనక నా నోరు. పక్కన ఖర్జూర తోట, దానవతల గ్రీన్‌హౌస్‌లు. వాటి పెత్తనం ఆ ముసలాయనది. అక్కడ పనిచేసే మన కరీంనగర్ వాళ్ళు ఆయన్ని టమాట తాత అంటారు. రోజూ డ్యూటీ దిగాక పెరుగు కోసం వస్తాడు. "ఇది పెరుగా? మా ఊళ్ళో గొర్రెలు కూడా ముట్టవు" అని తిట్టి, అదే డబ్బా కొనుక్కుపోతాడు. ధర మాత్రం అడగడు. అదే నా బాధ.

ఒకరోజు వచ్చాడు గానీ పెరుగును తిట్టలేదు. ఫోను కౌంటరు మీద పెట్టి కూలబడ్డాడు. ఏమైందని అడిగితే ఇంగ్లీషూ హిందీ కలిపి చెప్పాడు. వాళ్ళ కొండ ఊళ్ళో కొత్త రాయి నిలబెడుతున్నారట. ఒట్టోమన్ సుల్తాను ఏలుబడిలో తిరగబడ్డ ఊరివాళ్ళ పేర్లు దానిమీద చెక్కిస్తారట. ఈయన ముత్తాత పేరు మాత్రం వద్దన్నారట.

"ఎందుకు?"

"ఆయన నీలాంటోడు. దుకాణదారు."

ఆ రోజుల్లో వాళ్ళ ఊళ్ళో గొర్రెకు పన్ను, ద్రాక్షతీగకు పన్ను. పన్ను వసూలుకు వచ్చినవాడి గుర్రానికీ ఊరే మేత వెయ్యాలి. విసిగిపోయిన మగపిల్లలు అడవి పట్టారు. ఫిరంగి కొనే దారిలేక చెర్రీ చెట్టు మొద్దును తొలిచి తామే ఒకటి చేసుకున్నారు. అది చీలిపోకుండా చుట్టూ బిగించడానికి ఇనుప పట్టీలు కావాలి, ద్రాక్షసారా పీపాలకు వేసేలాంటివి. అవి ముత్తాత దుకాణంలో ఉన్నాయి. ఊరి ఆడవాళ్ళు రొట్టెలు ఊరికే ఇచ్చారు. ముత్తాత మాత్రం పట్టీలకు ధర చెప్పాడు.

ఫిరంగి మొదటి దెబ్బకే చీలిపోయింది. సైనికులొచ్చి ఊరితో పాటు ఆ దుకాణాన్నీ తగలబెట్టారు. ఊరికి గుర్తున్నది మాత్రం ఆ ధర ఒక్కటే. మన టమాట తాత చిన్నప్పుడు బడికి పోతుంటే తోటి పిల్లలు "పట్టీలెంత?" అని వెక్కిరించేవాళ్ళట.

నాకు కాలింది. ఎందుకంటే మా నాన్నదీ అడవి అంచు పల్లెలో కిరాణా కొట్టే. తుపాకులు పట్టిన అన్నలు వచ్చి బ్యాటరీ సెల్లులు, ఉప్పు, రబ్బరు చెప్పులు అడిగే రోజులవి. నాన్న వాళ్ళకీ ధర చెప్పేవాడు.

"పానం మీదికి తెచ్చుకుంటవా? ఊకె ఇయ్యరాదు?" అని అమ్మ వణికేది.

"ఊకె ఇస్తె వాళ్ళ మనిషినైత. అమ్మితె దుకాణపోన్ని. రేపు పోలీసులడిగితె, గిరాకొచ్చిండు, అమ్మిన అంట" అనేవాడు నాన్న.

ఇదంతా తాతకు పెద్ద వకీలులా విప్పి చెప్పాను. "మీ ముత్తాత పిసినారి కాదు. ధర చెప్పడమే ఆయన కట్టుకున్న తాయెత్తు."

తాత తల అడ్డంగా ఊపాడు. "లేదు, పిసినారే. కొవ్వొత్తిని సగం కోసి అమ్మేవాడని మా నాయనమ్మ చెప్పేది."

"అయితే ఏం? పిసినారి దుకాణం కాలితే బూడిద కాదా?"

"వద్దన్నారుగా. వదిలేద్దాం."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి."

ఒకసారి! నేను వంకాయ ధరను కూడా ఒకసారి అడిగి వదలను. కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ముందు ముత్తాతకు విగ్రహం కావాలను. వాళ్ళు గుండెలు బాదుకుంటారు. ఫోను పెట్టేస్తున్నట్టు బెదిరించు. అప్పుడు కిందికి దిగి, రాతికి ముందువైపు పేరు, దానికింద 'పట్టీలు ఇచ్చినవాడు' అని అడుగు.

"అమ్మినవాడు," అని తాత సరిదిద్దాడు.

నా ముందే ఊళ్ళో ఉన్న తన చెల్లెలికి ఫోను చేశాడు. రాయి పెట్టే పెద్దలంతా ఆ సమయానికి ఆమె వంటింట్లోనే కూర్చుని ఉన్నారట. నాకు వాళ్ళ భాష రాదు గానీ, బేరం ఏ భాషలో నడిచినా తెలుస్తుంది. అక్కడ బేరమే నడవలేదు. తాత గొంతు పెరుగును తిట్టినంత కూడా లేవలేదు.

ఫోను పెట్టేసి నవ్వాడు. "ఒప్పుకున్నారు. రాతికి వెనకవైపు."

"వెనకవైపా! అక్కడేముంది?"

"ముళ్ళపొద. మేకలొస్తాయి."

"మళ్ళీ చెయ్యి ఫోను!"

"ఎందుకు భాయ్? పేరుంటుందిగా." పెరుగు డబ్బా అందుకుని, ధర అడక్కుండానే వెళ్ళిపోయాడు.

ఆ మంట ఆరక నాన్నకు ఫోను చేసి, తాత రాయి కథంతా చెప్పాను. మా ఊళ్ళోనూ అన్నల పేర్లు రాసిన ఎర్ర స్తూపం ఒకటుండేది. నాన్న తాయెత్తు కూడా పనిచెయ్యలేదు. సెల్లులు అమ్మినందుకు పోలీసుల చేతిలో తిన్న దెబ్బలకు ఆయన ఎడమ చెయ్యి ఈనాటికీ పై అరను అందుకోదు. మరి ఆయన పేరు ఎక్కడుంది?

"బాపూ, నీ పేరు గూడ రాయిమీద రాయించాలె," అన్నాను.

"వెనకపొంటి రాస్తమన్నా ఒద్దు బిడ్డా. ఆడున్న పేర్లన్ని పోలీసులు రాసుకపొయిండ్రు," అన్నాడు. "గిరాకొచ్చిండు. పెట్టెయ్."

నేను నోరు తెరిచేలోగా ఆయనే పెట్టేశాడు.