నీలి కిటికీ దగ్గర తెల్ల గుడ్డ

మా బావకు తమిళనాడులో, మా సత్రపట్టిలో మగ్గాల షెడ్డు ఉంది. బ్యాండేజి గుడ్డ నేయిస్తాడు. విదేశంలో ఒక కొత్త కొనుగోలుదారుకు నమూనా ఇవ్వడానికి వెళ్తూ, పత్రికలో పనిచేసినవాణ్ణి, ఇంగ్లీషు వస్తుంది కదా అని నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

ఆయన సంచిలో రెండు గుడ్డ ముక్కలున్నాయి. ఒకటి కొనేవాళ్ళకు ఇవ్వాల్సిన మంచి ముక్క. రెండోది పాత మగ్గం మీద పోగులు తప్పినది. మేం వెళ్ళే ఊళ్ళోనే మగ్గం సామాన్లు అమ్మేవాళ్ళకు చూపించి రోగమేమిటో అడగాలట. రెండూ తెలుపే, ఒకే కొలత. ఏది ఏదో చీటీ రాసి కట్టుకొమ్మని మా అక్క బయల్దేరే ముందే చెప్పింది.

"ముప్పై ఏండ్లు గుడ్డ చూసినవాడికి చీటీ ఎందుకే? జన్నల్ దగ్గర పట్టితే తెలీదా?" అన్నాడు బావ.

మా వైపు గుడ్డను దీపం కింద చూడరు. షెడ్డు ఉత్తరపు గోడకున్న జన్నల్లో, అంటే కిటికీలో, పగటి వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తారు. అందుకే విమానంలోనూ కిటికీ సీటు అడిగి తీసుకున్నాడు.

ఉదయం చెన్నైలో ఎక్కాం. భోజనాలయ్యాక జనం కునుకు తీస్తుంటే బావ ముక్కలు బయటికి తీశాడు. అప్పటికే కిటికీలన్నీ ముదురు నీలానికి తిరిగాయి. బయట మండే సూర్యుడు చిన్న నీలి బిళ్ళలా ఉన్నాడు. గుడ్డ అడ్డం పట్టి చూస్తే రెండు ముక్కలూ నీలిమందులో ముంచినట్టున్నాయి. ఒక్క పోగూ తెలియలేదు.

పైకి లేపడానికి తలుపు కోసం బావ కిటికీ చుట్టూ తడిమాడు. అలాంటిదేమీ లేదు. కింద ఒక బటన్ ఉంది. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అద్దాన్ని వేలితో తట్టాడు.

"ఏందప్పా ఈ కన్నాడి! చెడిపోయినాదా?"

"బావా, ఎదుటి టీవీ తెరకు పట్టి చూడు."

"దానికే చుక్కలుండాయి గదయ్యా! చుక్క ఏదో పోగు ఏదో ఎట్ల తెలిసేది? దిగతానే ఏర్‌పోర్టు వాసల్లోనే నిలబడుకొనుంటారు కొనేవాళ్ళు. వాళ్ళ ముందర విప్పి చూసేదా?"

"అక్క చెప్పింది కదా, చీటీ..."

"నువ్వు మీ అక్క పార్టీ. గమ్మునుండు."

నీళ్ళు తెచ్చిన విమాన సిబ్బంది అమ్మాయి మా మాటల్లోని తమిళ ముక్కలు విని, తానూ తమిళంలోనే వివరించింది. రెండు అద్దాల మధ్య పలుచని జెల్ ఉంటుందట. దానికి అందే కొద్దిపాటి కరెంటును బట్టి ముదురుతుంది, తేలికవుతుంది. బటన్ మనదే అయినా, అందరూ పడుకునే వేళ సిబ్బంది తమ తెర మీద నుంచి అన్ని కిటికీలనూ ఒకేసారి నల్లబరిచి, బటన్లకు తాళం వేస్తారట. ఒక్క కిటికీ తెల్లబడినా పక్క వరుసల మొహాల మీద ఎండ కొడుతుందని.

"మిల్లులో మెయిన్ స్విచ్ మాదిరి," అన్నాడు బావ నాతో. విషయం అర్థమైనా మొహంలో దిగులు పోలేదు.

ఆ అమ్మాయి గుడ్డ ముక్కలను చూసి, సంగతి అడిగి తెలుసుకుంది. టీ ఇచ్చేటప్పుడు తాళం తీస్తామంది.

అంతవరకు బావ నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు. టీ బండి కదిలిన చప్పుడు వినగానే వేలు బటన్ మీద పెట్టాడు. అద్దం వెంటనే మారలేదు. నిమిషం పైగా, నీలం పలచబడుతూ పలచబడుతూ వచ్చింది. ముక్కు అద్దానికి ఆనించి కూర్చున్నాడు. చివరికి పగలు తెల్లగా లోపలికి వచ్చింది.

మొదటి ముక్క ఎత్తి పట్టాడు. సంచిలో పైన, ఇవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న ముక్క అది. మధ్యలో రెండు పోగులు లేవు.

"అయ్యయ్యో, దీన్నే ఇచ్చుందునే!" అని గట్టిగా నవ్వినాక, ముక్కు అంటిన మరకను ఆ గుడ్డతోనే తుడిచాడు. రెండో ముక్క నిండుగా ఉంది. దాన్ని మడిచి, నా జేబు వైపు చెయ్యి చాచాడు.

"పేనా ఇయ్యి. మీ అక్కకు మాత్రం చెప్పొద్దు."

టీ కప్పు కింది కాగితం చించి 'మంచిది' అని రాసుకున్నాడు. మాట తెలుగు, అక్షరాలు తమిళం. మా ఊళ్ళో అందరం అలాగే రాస్తాం.