ఆరో తన్ను ఎవరి వంతు

“నువ్వు ఎప్పుడన్నా బంతి తన్నినావామ్మా?”

కుప్పంలో, మూడూళ్ళ ఆడపిల్లల ఫుట్‌బాల్ కప్పు మొదలయ్యే ముందురోజు, కమిటీ సమావేశంలో అందరి ముందూ లోకేష్ అడిగిన మాట ఇది. లోకేష్ ఆ కమిటీకి కార్యదర్శి. అతను అడిగింది మునిలక్ష్మిని. ఆమె పుంగనూరు జట్టు గోల్‌కీపర్ జాహ్నవికి తల్లి. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు పక్క పల్లెలో మూడెకరాల సేద్యం ఆమెది. ఆ సమావేశానికి ఆమెను ఎవరూ పిలవలేదు. కూతురిని బస్సులో దించడానికి వచ్చి, తలుపు తీసి ఉంటే లోపలికి వచ్చి కూర్చుంది.

“లేదప్పా,” అంది మునిలక్ష్మి. “బంతి తన్నలేదు. బోరు వంతు మాత్రం పన్నెండేండ్లుగా కాస్తాండా.”

గదిలో అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, మదనపల్లె జట్టు కోచ్ చెంగయ్య. తంబళ్లపల్లె దగ్గర అతనికీ అన్నదమ్ముల ఉమ్మడి బోరు ఒకటి ఉంది.

ఆటంటే ఆమెకు పిచ్చి పట్టింది మదనపల్లె మార్కెట్ యార్డులో. టమోటా క్రేట్లు దించి, వేలం పాట తమ మండీ దాకా వచ్చేలోపు గంటలు గంటలు కూర్చోవాలి. కూతురు ఏం నేర్చుకుంటోందో చూద్దామని మొదట ఫోన్‌లో ఫుట్‌బాల్ పెట్టుకుంది. తర్వాత కూతురు పరీక్షల కోసం ఆట మానేసిన నెలల్లో కూడా తల్లి చూస్తూనే ఉంది. ఆమెకు అభిమాన జట్టు లేదు. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగవు. “ఎర్ర అంగీ పొడుగోడు”, “గడ్డం పిల్లోడు” అంటుంది. ఆమెకు పట్టిన విషయం ఒక్కటే: ఇద్దరూ సరిసమానంగా ఆడినప్పుడు ఒకరిని గెలిపించక తప్పదు కదా, ఏ లెక్కన గెలిపిస్తారు?

ఆ ప్రశ్న ఆమెకు మైదానంలో పుట్టలేదు. ఆమె పెళ్ళై వచ్చేనాటికి అత్తగారింట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. పెద్దవాడు జయచంద్ర, చిన్నవాడు ఆమె భర్త శంకరప్ప. పొలానికి కరెంటు తొమ్మిది గంటలు. సగం పూట అన్న, సగం పూట తమ్ముడు. వినడానికి ఇంతకంటే న్యాయం ఉండదు. కానీ పొద్దున మోటారు వేసినవాడికి రాత్రంతా ఊరిన నీళ్ళు దొరుకుతాయి. మధ్యాహ్నం వేసినవాడికి పైపులో నీళ్ళకంటే గాలే ఎక్కువ. పొద్దుటి వంతు ఎప్పుడూ అన్నదే. ఒక వేసవిలో మునిలక్ష్మి గట్టు మీద నిలబడి, ఎవరికి ఎన్ని సాళ్ళు తడుస్తున్నాయో పదిరోజులు లెక్కపెట్టింది. రోజుకు బావకు నలభై, తమకు ఇరవై ఆరు.

“పెద్దోడు ముందు నీళ్ళు పారగట్టుకునేది ధర్మం కదమ్మా,” అన్నాడు జయచంద్ర.

“ధర్మం మీ మడిలోనే పారతాండాది బావా, మా మడి దాకా రాలే,” అంది మునిలక్ష్మి.

ఆమె మార్చింది చిన్నదే. ఈరోజు బావ ముందు, తాము వెనక. రేపు తాము ముందు, బావ వెనక. ఎవరూ మరిచిపోకుండా, మరిచిపోయినట్టు నటించకుండా, స్టార్టర్ పెట్టె ఉన్న గోడకు రెండు మేకులు కొట్టించింది. ఎర్ర గుడ్డపేలిక ఏ మేకుకు వేలాడితే ఆ పొద్దు ఆ ఇంటిది మొదటి వంతు. సాయంత్రం కరెంటు పోగానే పేలిక మేకు మారుతుంది. పండగ, చావు, నెల ఆఖరు, సంవత్సరాది, ఏదీ పేలికకు పట్టదు. ఈ పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో నీళ్ళ గొడవ రాలేదు. మిగతా గొడవలన్నీ వచ్చాయి.

అలాంటి మనిషి ఒకరోజు యార్డులో క్రేటు మీద కూర్చుని మొదటిసారి పెనాల్టీ షూటౌట్ చూసింది. ఆట సమం. ఎక్స్‌ట్రా టైం కూడా సమం. ఇక చెరి ఐదు తన్నులు, ఎవరు ఎక్కువ గోల్స్ వేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఒక జట్టు ముందు తన్నింది, రెండోది వెనక. మళ్ళీ మొదటిదే ముందు. మళ్ళీ మొదటిదే.

“ఇదేందే,” అంది కూతురితో. “దినామూ వాళ్ళే ముందా?”

“వాళ్ళు టాస్ గెలిచినారు మా.”

“టాస్ గెలిచింది ఒక దినానికి. ఐదు దినాలూ ముందు పారగట్టుకునేది యాల?”

 ముందు తన్నేవాళ్ళకు గోల్ తప్పినా ఊపిరి పీల్చుకునే సందు ఉంటుంది. వెనక తన్నేవాళ్ళు ప్రతిసారీ మెడ మీద కత్తి పెట్టుకుని తన్నాలి. ఆనాటి నుంచి మునిలక్ష్మి లెక్క మొదలుపెట్టింది. ఆమె చూసిన షూటౌట్లు ముప్పై ఒకటి. ముందు తన్నినవాళ్ళు పందొమ్మిది గెలిచారు. ముప్పై ఒకటి చూసి సిద్ధాంతం చేయకూడదని లెక్కల మాస్టార్లు అంటారు. పదిరోజుల సాళ్ళ లెక్కతో ఇంటి ధర్మాన్నే తిరగరాసిన మనిషికి అది చాలు.

ఎక్స్‌ట్రా టైం మీద కూడా ఆమెకు అభిప్రాయాలున్నాయి. ఒకప్పుడు ఎక్స్‌ట్రా టైంలో మొదటి గోల్ పడగానే ఆట ముగిసేదని విని, “అవతలోడు పార ఎత్తకముందే కరెంటు తీసేసినట్టు,” అంది. అమెరికా వాళ్ళకు కోడిగుడ్డు ఆకారం బంతితో వేరే ఫుట్‌బాల్ ఉందనీ, అందులో చాలాకాలం టాస్ గెలిచిన జట్టు ముందుగా బంతి పట్టుకుని, రెండో జట్టు బంతి ముట్టకముందే ఆట ముగించేయగలిగేదనీ, ఈమధ్యే మార్చుకున్నారనీ జాహ్నవి చెప్పింది. “మార్చుకున్నారు కదా. అంటే ఆడ గూడా ఎవరో సిన్నోడి పెండ్లాం లెక్కేసింటాది,” అంది మునిలక్ష్మి.

ఇదంతా మనసులో పెట్టుకునే ఆమె కుప్పం సమావేశంలో నోరు విప్పింది. ఫైనల్ సమమైతే షూటౌట్‌లో జట్లు బోరు వంతు లెక్కన తన్నాలని అడిగింది. అప్పుడే లోకేష్ ఆ బంతి తన్నినావా అనే ప్రశ్న వేశాడు. ఆమె బల్ల మీద సుద్దముక్కతో గీసి చూపించింది: మీరు, మేము, మేము, మీరు, మీరు, మేము. లోకేష్ ఇంకా ఏదో అనబోతుంటే చెంగయ్య అడ్డం వచ్చాడు.

“ఆయమ్మ చెప్పేది సరిగ్గా ఉండాది లోకేషప్పా. మా అన్న నన్ను ఇరవై ఏండ్లు రెండో వంతులోనే పెట్టినాడు. నాకు తెలుసు ఆ మంట.”

రూలు కాగితం మీదికెక్కింది. ఐదు తన్నులకు వరస రాసి, అందరూ సంతకాలు పెట్టి, టీ తాగారు.

మొదటి రెండు రోజుల్లో పుంగనూరు కుప్పం మీద గెలిచింది. మదనపల్లె కూడా కుప్పం మీద గెలిచింది. అంటే ఫైనల్‌లో తలపడేది పుంగనూరు, మదనపల్లె అని తేలిపోయింది. మూడోరోజు ఆ రెండిటికీ మధ్య జరగాల్సిన లీగు మ్యాచ్ ఎవరు గెలిచినా ఒకటే. పుంగనూరు కెప్టెన్ సుష్మ మడమ వాచి ఉంది. మునిలక్ష్మి జట్టును ఆడించే పీఈటీ స్వర్ణలత దగ్గరికి పోయింది.

“సుష్మను కూర్చోబెట్టండి మేడమ్. ఇంకో ముగ్గుర్ని గూడా.”

“ఓడిపోతామక్కా. క్రీడాస్ఫూర్తి అనేది ఒకటి ఉంటాది కదా.”

“చెనక్కాయలన్నీ వేయించుకుని తినేసి, విత్తనం యాడ తెస్తారు?”

స్వర్ణలత నలుగురిని కూర్చోబెట్టింది. పుంగనూరు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. మైదానం గట్టు మీద మదనపల్లె వాళ్ళు ఈలలు వేశారు. క్రీడాస్ఫూర్తి అనే మాట బహుమతి ప్రదానం నాడు మైకు ముందు తప్ప ఎక్కడా పనికిరాదని ఆ మధ్యాహ్నం స్వర్ణలతకు అర్థమైందో లేదో గానీ, రెండురోజుల తర్వాత ఫైనల్‌లో సుష్మ వాపు లేని కాలితో గోల్ వేసింది. మదనపల్లె ఒకటి వేసింది. ఎక్స్‌ట్రా టైంలోనూ అదే లెక్క నిలిచింది.

ఇక షూటౌట్. టాస్ పుంగనూరు గెలిచింది. రెఫరీ నవీన్ ఒక ఎర్ర గుడ్డపేలిక తెచ్చాడు. అది కూడా మునిలక్ష్మి పెట్టిన షరతే. పేలిక ఎడమ గోల్‌స్తంభానికి ఉంటే పుంగనూరు ముందు, కుడి స్తంభానికి ఉంటే మదనపల్లె ముందు. “టాస్ మనమే గెలిస్తిమి, పాత రూలైతే ప్రతిసారీ మనమే ముందు కదే,” అని పుంగనూరు పిల్లలు గొణిగారు. జాహ్నవి తల్లి వైపు ఒక చూపు చూసి గ్లౌజులు బిగించుకుంది.

పేలిక ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. చెరి ఐదు తన్నులయ్యాయి. నాలుగు నాలుగు. ఇకమీదట ఒక్కో తన్ను, ఎవరిది తప్పితే వాళ్ళు ఓడినట్టు. నవీన్ చెమట తుడుచుకుని, “ఆరోది. పుంగనూరు!” అని పిలిచాడు. సుష్మ బంతి పెట్టింది. జనం లేచి నిలబడ్డారు. చెంగయ్య తన పిల్లలకు ధైర్యం చెప్పడంలో మునిగి ఉన్నాడు. ఎవరూ స్తంభాల వైపు చూడలేదు.

“ఏయ్ నవీనప్పా! పేలిక! పేలిక మార్సలేదు నువ్వు! వంతు మాది కాదు, వాళ్ళది!”

మైదానం అంతా తిరిగి చూసింది. గట్టు మీద చెంగు నడుముకు దోపి నిలబడి ఉంది మునిలక్ష్మి.

“మా! గమ్మునుండు మా!” అని అరిచింది జాహ్నవి.

లోకేష్ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “ఐదుకే కదమ్మా రాసుకున్నాము. ఆరోది మళ్ళా కొత్త లెక్క. టాస్ గెలిచినోళ్ళే ముందు.”

“నెల మారితే బోరు వంతు మళ్ళా మొదటికొస్తాదా అప్పా? నిన్న ముందు పారగట్టుకునింది మేము. ఈ పొద్దు వాళ్ళది.”

గట్టు మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది సేద్యగాళ్ళు. ఎవరో వెనక నుంచి “ఆయమ్మ చెప్పేదే కరెక్టు” అన్నారు. ఇంకెవరో “సొంత బిడ్డకే ఎసరు పెడతాండాదప్పా” అన్నారు. రెండూ నిజమే. నవీన్ పోయి పేలిక విప్పి కుడి స్తంభానికి కట్టాడు. సుష్మ బంతిని వదిలేసి వెనక్కి నడిచింది.

మదనపల్లె నుంచి లక్ష్మీప్రియ అనే పిల్ల వచ్చింది. జాహ్నవి ఎడమకు దూకింది, బంతి కుడికి పోయింది. తర్వాత సుష్మ తన్నిన బంతి అడ్డకొయ్యకు తగిలి, ఎగిరి, వెనకనున్న చింతచెట్టులో పడింది. కప్పు మదనపల్లెకు పోయింది.

వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు పోయే బస్సులో జాహ్నవి తల్లి పక్కన కూర్చోలేదు. స్వర్ణలత వచ్చి కూర్చుంది. “ఆ ఒక్క నిముషం నీకు దగ్గు వచ్చింటే బాగుండు కదక్కా,” అంది. మునిలక్ష్మి కిటికీలోంచి చూస్తూ ఊకొట్టింది.

వారం తిరగకముందే ఈ సంగతి జాహ్నవి చదివే కాలేజీ ప్రిన్సిపాల్ దాకా పోయింది. నిజాయితీకి నిలువుటద్దం అంటూ శాలువా కప్పుతామన్నారు. మునిలక్ష్మి శాలువా వద్దంది.

“నిజాయితీ గిజాయితీ ఏమీ లేదు సారూ. ఒక్క నిముషం ఆలోసన చేసింటే నోరు మూసుకునుందునేమో. పేలిక ఆ స్తంభానికే ఉండాదని కన్ను సూసింది, నోరు అరిసింది. అంతే.”

నిజాయితీ మీద ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు ఈ మాట రుచించదు. కానీ ఆమెలో మెచ్చుకోవలసింది సరిగ్గా ఇదే. న్యాయాన్ని ఆమె మంచితనానికి వదిలిపెట్టలేదు. గోడకు మేకు కొట్టి, గుడ్డ కట్టి, పన్నెండేళ్ళు ప్రతి సాయంత్రం దాన్ని మార్చి, చివరికి తనకే నష్టం వచ్చిన పూట కూడా ఆపుకోలేనంత అలవాటు చేసుకుంది.

ఫైనల్ అయిన మూడోరోజు జాహ్నవి తల్లితో మాట్లాడింది. పొలంలో, స్టార్టర్ పెట్టె దగ్గర.

“మేమే ముందు తన్నింటే గెలిచేవాళ్ళమా మా?”

మునిలక్ష్మి అబద్ధం చెప్పలేదు, ఓదార్చనూ లేదు. “తెలీదు. ముందు పారగట్టుకున్న ఏడు గూడా మీ పెదనాయన టమోటా చెట్టు ఎండిపోయింది ఉండాది. వంతు నీళ్ళిస్తాది, పంట ఇయ్యదు.”

 సాయంత్రం కరెంటు పోయాక జాహ్నవి పేలికను తనే విప్పి పక్క మేకుకు కట్టింది. వచ్చే ఏడు కప్పు కాగితంలో ఆరో తన్ను దగ్గర్నుంచి కూడా వరస రాయించాలని చెంగయ్య ఫోన్ చేసి చెప్పాడు. గ్లౌజులు చిరిగిపోయాయని, రెండో బహుమతి డబ్బులో తన భాగం వస్తే కొత్తవి కొనుక్కుంటానని జాహ్నవి అంటోంది.

అందుకే మునిలక్ష్మి ప్రతి సోమవారం లోకేష్‌కు ఫోన్ చేస్తుంది. గెలిచిన జట్టుకు ముందు పూర్తిగా ఇచ్చేశామని, రెండో జట్టుకు తర్వాత సర్దుతామని అతను చెబుతాడు.

“మొదటి వంతు వాళ్ళదే అప్పా, కాదన్లేదు. రెండో వంతుకు కరెంటు యాడబోయింది?” అంటుంది ఆమె.

రెండో జట్టుకు ప్రకటించింది పదివేలు. ఫైనల్ రోజున ఆరువేలు ఇచ్చారు. నాలుగువేలు ఇంకా రావాలి.