బొట్టు పెట్టిన మీటలు

ఎనభైల చివర్లో సుబేదారిలోని ఓ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా కొత్తగా చేరాను. దసరా ముందురోజు మా ఆఫీసు ఆయా లక్ష్మమ్మ కీబోర్డు నిండా కుంకుమ బొట్లు పెట్టింది. సాయంత్రం పంపాల్సిన వర్షపాతం పట్టిక అలాగే టైపు చేశాను. నా వేళ్లు ఎర్రబడ్డాయని, నేను మంచినీళ్లకు లేవగానే ఆమె తడిబట్టతో మీటలు తుడిచింది. తెర మీది అంకెలన్నీ మాయం!

“నీ కష్టమంతా నా బొట్టే మింగింది గదా బిడ్డా!” అని ఏడ్చింది.

శిక్షణలో చెప్పింది గుర్తొచ్చి, చివరగా జరిగిన మార్పును వెనక్కి తిప్పే రెండు మీటలు కలిపి నొక్కాను. పట్టిక తిరిగొచ్చింది. నమ్మలేక మళ్లీ నొక్కితే పోయింది! ఇంకోసారి నొక్కితే వచ్చింది.

“ఇగ ముట్టకు, జర ఉండనీ!” అంటూ లక్ష్మమ్మ నా చేతులు పట్టేసుకుంది.

ఆ తర్వాత ప్రతి దసరాకూ ఆ రెండు మీటలకే బొట్టు పెట్టేది. వేళ్లు ఎర్రబడినా నేనెప్పుడూ తుడవలేదు.