నాగక్క వాకిలి ముందర రోడ్డు

హిందూపురంలో రైలు దిగినవాళ్ళు ముందు చెప్పులు విప్పి చేతికి తీసుకొనేవాళ్ళు. స్టేషన్ గేటు దాటితే వానాకాలమంతా మోకాలి లోతు బురద. గేటుకు ఎదురుగా నాగక్క బొరుగుల ఉగ్గాని, బజ్జీల అంగడి, ఒకటే గది, ఒకటే వాకిలి. మొగుడు పోయాక పెనుకొండ నుంచి వచ్చి, బెల్లం మండీ శంకరప్ప దగ్గర ఆ గది బాడుగకు తీసుకుంది. ఆమె బజ్జీల్లో కారం ఎక్కువా, నోట్లో కారం ఎక్కువా అన్న తగువు ధర్మవరం దాకా రైల్లో సాగేది.

యాభై ఎనిమిదిలో ఓవర్సీరొచ్చి, వీధివాళ్ళు సగం వేసుకుంటే సర్కారు సగమిచ్చి బండల రోడ్డు వేస్తుందన్నాడు. ఆయన బండెక్కకముందే కమిటీ పుట్టింది. శంకరప్పే ప్రెసిడెంటు. రోడ్డు పడితే లాభం ఎవరికి? రోడ్డు వైపు వాకిలి ఉన్నవాళ్ళకు. అందుకని సొంతమైనా బాడుగదైనా వాకిలి లెక్కన చందా. వీధి వంతు ఎనిమిది వందల పది రూపాయలు, వాకిళ్ళు ఇరవై ఏడు, తలా ముప్పై. ఇంత న్యాయం ఎక్కడా ఉండదని అందరూ చప్పట్లు కొట్టారు. నాగక్క కూడా కొట్టింది.

పదిరోజులు తిరక్కముందే శంకరప్ప మండీ వాకిట్లో ఇటుకలు లేచాయి.

"ఏమప్పా, వాకిలి పూడ్పిస్తాండావు?"

"వాస్తు బాగలేదంట నాగక్కా. వెనక సందులోకి పెట్టమన్నాడు సిద్ధాంతి."

"ముప్పై ఏండ్లు లేని దోషం ముప్పై రూపాయలకు వచ్చెనా?"

ఆ నెల ఊళ్ళో మేస్త్రీలు దొరకలేదు. బట్టల అంగడి ఆదినారాయణకు ఈశాన్యం కుదరలేదు. సోడా అంగడివాడికి కల వచ్చింది. దేవుణ్ణే నమ్మని బడి అయ్యవారికి కూడా ఉన్నట్టుండి వాస్తు మీద గురి కుదిరింది. నాగక్క గది వెనక గోడకు ఆనుకొని శంకరప్ప బెల్లం గోదాము. తిప్పుకుందామన్నా వాకిలికి దారి లేదు.

కమిటీ గుమాస్తా ఏసుదాసు తల గోక్కుంటూ వచ్చాడు.

"అక్కా, వాకిలి లెక్క కదా. ఇప్పుడు నీదొకటే ఉండాది. ఎనిమిది వందల పది."

"ఈ గిన్నెలూ నేనూ కలిపి అమ్ముడుపోయినా అన్ని దుడ్లు రావు గదరా!"

"సోమవారం లోపల కట్టల్లంట. లేకుంటే గది ఖాళీ చేయమన్నాడు శంకరప్ప."

గది పోతే నాగక్క మళ్ళీ పెనుకొండ రైలెక్కాల్సిందే. పెనుకొండలో ఆమెకు మిగిలింది మరిది ఇంటి వసారా. అక్కడ ఒక ఏడాది తిన్న మాటలు ఇంకా అరగలేదు.

సోమవారం మీటింగు మండీలో. సందు బురదలో చుట్టు తిరిగి అందరూ వచ్చారు, పంచె తడిసిన ఓవర్సీరుతో సహా. నాగక్క నిలబడే మాట్లాడింది.

"వాకిలికి ముప్పై అంటిరి. ఇదో ముప్పై. ఓవర్సీరు సారూ, మీరెంత ఇస్తారు?"

"అంతే ఇస్తామమ్మా, ముప్పై."

"అయితే అరవై రూపాయల రోడ్డు నా వాకిలి ముందరేయండి. వాకిలి లేనోళ్ళకు రోడ్డెందుకప్పా?"

దమ్మిడీ తియ్యకుండా బయటపడ్డామని ఇరవై ఆరు చేతులూ ఒక్కసారే లేచాయి. అన్నిటికంటే ఎత్తుగా లేచింది శంకరప్పదే. మిగతా రోడ్డు మాటేమిటని ఓవర్సీరు అడిగితే, ఇకమీదట ఎవరు వాకిలి తెరిస్తే వాళ్ళే మిగిలినదంతా కట్టాలని శంకరప్ప తీర్మానం కూడా రాసిచ్చాడు.

గేటు నుంచి నాగక్క గడప దాకా బండలు పడ్డాయి. రైలు దిగినవాళ్ళు చెప్పులు కాళ్ళకే ఉంచుకొని నేరుగా ఆమె బల్ల మీదికొచ్చి కూర్చున్నారు. బెంగుళూరు బెల్లం వ్యాపారులు సందు బురదలో దిగేది లేదన్నారు. బేరం ఉంటే శంకరప్పనే ఇక్కడికి రమ్మని కబురు పెట్టారు. వాకిలి తెరుద్దామంటే మొదట తెరిచినవాడి నెత్తిన రోడ్డంతా పడుతుంది. ఇరవై ఆరుమందీ గోడల వెనక చెవులు పెట్టి, పక్కవాడి గునపం చప్పుడు కోసం కాచుకున్నారు.

శంకరప్ప బెల్లం మచ్చు సంచి చంకన పెట్టుకొని, బురద కాళ్ళతో నాగక్క బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు.

"గది ఎప్పుడు ఖాళీ చేయమంటావప్పా?"

శంకరప్ప వ్యాపారుల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా అనక్కా! ముందు ఆయప్పలకు వేడివేడిగా రెండు బజ్జీలెయ్యి."